చివరిదాకా రాశాకే తెలిసిన కథ: నా అనుభవం

కథలు రాయాలని ఉందనీ, మొదలుపెట్టినవి సగంలోనే ఆగిపోతున్నాయనీ చెప్పే మిత్రులు నాకు తరచుగా తారసపడుతుంటారు. వారిలో చాలామందికి భాష మీద పట్టు ఉంది, విస్తారంగా చదివిన అలవాటు ఉంది, చెప్పి తీరాలనిపించే సంగతులు కూడా ఉన్నాయి. లేనిదల్లా పూర్తి చేసిన ఒక్క కథ. అచ్చయిన నా మొదటి కథ ఊహగా తట్టిన నాటి నుంచి పత్రికలో వచ్చిన నాటి వరకు ఏయే దశలు దాటిందో ఇక్కడ వివరంగా రాయడం వారి కోసమే. కథాశిల్పం గురించి మంచి వ్యాసాలు చాలానే వచ్చాయి. ఒక మామూలు కథ ఒక చిత్తుప్రతి నుంచి మరొక చిత్తుప్రతికి వెళ్లేటప్పుడు ఎలా మారుతుందో, ఆ మార్పులు జరిగే సమయంలో రాసేవారి ఆలోచన ఎటు నడుస్తుందో చెప్పే రాతలు మాత్రం అంతగా కనబడవు. ఆ కథ నాకు నేర్పిన ప్రధాన విషయాన్ని ముందే చెబుతాను: ఏదో ఒకలా చివరిదాకా రాశాకే, రాసినది దేని గురించో రాసినవారికి తెలుస్తుంది.

కథకు బీజం ఒక ఆసుపత్రి వరండాలో పడింది. దగ్గరి బంధువుకు శస్త్రచికిత్స జరిగిన రాత్రి నేను అక్కడ కూర్చుని ఉన్నాను. ఎదురు బెంచీ మీద ఒక నడివయసు స్త్రీ తన భర్త ఫోనును ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఆయన లోపల అత్యవసర విభాగంలో ఉన్నారని, పక్కవారితో ఆమె అన్న మాటలను బట్టి తెలిసింది. ఫోను మోగినప్పుడల్లా ఆమె ఎత్తి, అవతలివారు ఎవరైనా సరే ఒకే మాట చెప్పింది: “నిద్రపోతున్నారండీ, లేచాక చేయమంటాను.” ఇంటికి వచ్చాక ఆ ఒక్క వాక్యాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆమె వయసు, ముఖం, పక్కన ఉన్నవారి వివరాలు ఏవీ రాసుకోలేదు. కష్టంలో ఉన్న మనిషిని గుర్తుపట్టగలిగేటట్టు కథలోకి దించే హక్కు మనకు లేదని నా నమ్మకం. ఆ ఒక్క మాటను మాత్రమే తీసుకొని, దాన్ని పలికే మనిషిని మళ్లీ మొదటి నుంచి ఊహించుకోవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. అలా చేయడం వల్ల మర్యాద నిలబడటమే కాకుండా కల్పనకు చోటు కూడా దొరికింది.

అయినా ఆ వాక్యం చాలాకాలం నోటుపుస్తకంలోనే ఉండిపోయింది. తలచుకున్నప్పుడల్లా మనసు కదిలేది, కలం మాత్రం కదిలేది కాదు. నా దగ్గర ఉన్నది ఒక దృశ్యం మాత్రమే. ఒక స్త్రీ కూర్చుని ఉంది, ఫోను మోగుతోంది, ఆమె ఒక చిన్న అబద్ధం చెబుతోంది. ఎంతసేపు చూసినా అది ఉన్నచోటనే ఉంటుంది. చివరికి ఒక ప్రశ్న దాన్ని ముందుకు నెట్టింది: ఇంతకీ ఆ ఫోన్లు చేస్తున్నవాళ్లు ఎవరు? ఆ ప్రశ్న తట్టిన రోజున కూర్చుని, రాగల ఫోన్లన్నింటినీ ఒక కాగితం మీద వరసగా రాశాను. ఆఫీసులో పైఅధికారి. బాకీ గుర్తుచేయడానికి చేసిన మనిషి. ప్రతి రాత్రీ కబుర్ల కోసం పిలిచే చిన్ననాటి స్నేహితుడు. నంబరు తప్పి కలిసిన ఎవరో. ఆ వరసలో చివరన, ముందుగా అనుకోకుండానే, మరొకరు వచ్చి చేరారు: ఆమె ఎన్నడూ పేరు వినని ఒక కుర్రాడు, “సార్ నా పరీక్ష ఫీజు కట్టారటండీ, ఒక్కసారి మాట్లాడదామని” అంటూ. అప్పటికి ఆ కుర్రాడి మీద నాకు ప్రత్యేకమైన దృష్టి ఏమీ లేదు. మిగతావారిలో అతనూ ఒకడు.

మనసును పట్టుకున్న దృశ్యం దగ్గరే ఆగిపోయినవారికి నేను చెప్పగలిగింది ఇదే. ఆ దృశ్యాన్ని ఇంకా అందంగా వర్ణించాలని ప్రయత్నించే ముందు, అందులో మీకు తెలియనిది ఏమిటో అడగండి. తెలిసినదాన్ని వర్ణించడానికి ఒక పేరా చాలు. తెలియనిదాన్ని వెతకడానికి కథ అంతా కావాలి.

సమయం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నేను ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు లేవకముందు దొరికే కొద్దిసేపట్లోనే రాశాను. టోనీ మారిసన్ తన మొదటి నవల రాసే రోజుల్లో ఇద్దరు చిన్నపిల్లలను పెంచుతూ ఉద్యోగం చేసేవారు. ఆ నవల 1970లో వెలువడేనాటికి ఆమెకు 39 ఏళ్లు. పెనలపీ ఫిట్జెరాల్డ్ మొదటి నవల 1977లో వచ్చింది, అప్పటికి ఆమెకు 60 ఏళ్లు. తరువాత రెండేళ్లకే, 1979లో, ఆమెకు బుకర్ బహుమతి లభించింది. వయసు మించిపోయిందని, తీరిక లేదని బాధపడేవారు ఈ ఇద్దరినీ తలచుకోవాలి. రోజూ పేజీలకు పేజీలు రాయాలన్న పట్టుదల నాకు ఉపయోగపడలేదు. నిన్న ఆగిన చోటికి ఇవాళ తప్పకుండా తిరిగి రావడమే ఉపయోగపడింది. మధ్యలో నాలుగు రోజులు విరామం వస్తే పాత్రల గొంతు చెవికి దూరమవుతుంది; దాన్ని మళ్లీ పట్టుకోవడానికే ఒక ఉదయం ఖర్చవుతుంది.

మొదటి చిత్తుప్రతికి ఒకే నియమం పెట్టుకున్నాను: వెనక్కి వెళ్లి దిద్దకూడదు. సరైన మాట దొరకకపోతే ఖాళీ వదిలేశాను. డాక్టరు బయటికి వచ్చి ఏం చెబుతాడో తెలియని చోట “డాక్టరు మాట ఇక్కడ” అని రాసి ముందుకు సాగాను. మొదటి పేరా బాగా కుదిరితే తప్ప రెండో పేరాలోకి వెళ్లలేమని చాలామంది అంటారు. వారి నిజాయితీని నేను శంకించను. కానీ కథ చివర ఏమవుతుందో తెలియనప్పుడు మొదటి పేరా కుదిరిందో లేదో తేల్చడానికి కొలమానం ఏది? ఎత్తుగడ బాగుందా లేదా అన్నది ముగింపును బట్టి తేలే విషయం. ముగింపు లేని కథకు ఎత్తుగడను పదేపదే చెక్కడమంటే, గుమ్మం ఎటువైపు వస్తుందో తెలియకుండా ముందే తలుపు చేయించడం వంటిది.

కాఫ్కా 1912 సెప్టెంబరు 22 రాత్రి పది గంటలకు కూర్చుని, మర్నాడు ఉదయం ఆరు గంటలకల్లా ఒక కథను ఏకబిగిన పూర్తి చేసినట్టు తన డైరీలో రాసుకున్నాడు. ఈ సంగతి చదివిన కొత్త రచయితలు తమకు అలాంటి రాత్రి ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తుంటారు. తాను మొదలుపెట్టిన మూడు నవలల్లో ఏ ఒక్కటీ పూర్తికాకుండానే కాఫ్కా 1924లో మరణించాడన్నది కూడా అంతే నిజం. అంతటి రచయితకే ఒక రాత్రి వరంగా దొరికింది, మిగిలిన రాత్రులన్నీ పెనుగులాటగా గడిచాయి. మన రాత లాగుడుబండిలా నడుస్తోందంటే మనలో ప్రతిభ లేదని అర్థం చేసుకోనక్కరలేదు.

అలా ఖాళీలతో, ముడిమాటలతో చిత్తుప్రతి ఒకటి చివరిదాకా వచ్చింది. దాన్ని వెంటనే చదవలేదు. రాసిన వేడిలో ఉన్నప్పుడు కాగితం మీద లేనిది కూడా కళ్లకు కనబడుతుంది. మన మనసులోని దృశ్యం పదాల మధ్య ఖాళీలను నింపేస్తుంది, ఆ దృశ్యం పాఠకుడి దగ్గర ఉండదు. కొంతకాలం పక్కన పెట్టి, ఆ వ్యవధిలో ఇతరుల కథలు చదివి, తరువాత నా కథను ప్రింటు తీసుకొని పరాయివారి కథలా మొదటి నుంచి చదివాను. ఆ చదువులో ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. దృష్టి సడలిన ప్రతిచోటా మార్జిన్‌లో పెన్సిలుతో చిన్న గీత మాత్రం పెట్టాను. చదవడం పూర్తయ్యాక ఆ గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే ఒక సంగతి స్పష్టమైంది. గీతలన్నీ ఫోను సంభాషణల దగ్గరే గుమిగూడాయి.

కారణం వెతికితే అది వాక్యాలలో లేదు, దృష్టికోణంలో ఉంది. ఈ కథలో నేను ఎక్కువ కాలం గడిపింది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మొదటి చిత్తుప్రతిని ఉత్తమ పురుషలో రాశాను. ఎదురు బెంచీ మీద కూర్చున్న ‘నేను’ ఆమెను చూస్తూ కథ చెబుతాడు. నిజంగా జరిగింది అలాగే కాబట్టి అది సహజమైన ఎంపిక. అయితే ఎదురుగా కూర్చున్న మనిషికి ఫోనులో అవతలివారి మాటలు వినబడవు. అందువల్ల పాఠకుడికి అందవలసిన ప్రతి సమాచారాన్నీ ఆమె నోటితోనే పైకి పలికించవలసి వస్తోంది. “అలాగా, మీరు ఆఫీసు నుంచా? ఫైలు గురించా? రేపటిలోగా కావాలా?” అని ఆమె ప్రతి మాటనూ తిరిగి అనడం వల్ల సంభాషణ నాటకంలోని టెలిఫోను సన్నివేశంలా తయారైంది. ఏ మనిషీ ఫోనులో అలా మాట్లాడదు.

రెండో చిత్తుప్రతిలో ఆమె పక్కన ఒక కొడుకును కూర్చోబెట్టి కథను అతని వైపు నుంచి చెప్పాను. ఫోను స్పీకరులో ఉంటే అతనికి అన్నీ వినబడతాయి. సాంకేతికమైన చిక్కు విడిపోయింది. కానీ కొడుకు రాగానే కథ అతని చేతిలోకి వెళ్లిపోయింది. అమ్మ ఎందుకు అబద్ధం చెబుతోందని అతను విసుక్కోవడం, ఫోను లాక్కోబోవడం, తరువాత పశ్చాత్తాపపడటం మొదలయ్యాయి. అది కూడా ఒక కథే, రాయదగిన కథే. అయితే అది తల్లిని అర్థం చేసుకోని కొడుకు కథ. నన్ను కదిలించిన వాక్యం ఆ కథలో వెనకబెంచీకి చేరిపోయింది. ఆ ప్రతిని కూడా చివరిదాకా రాశాను కాబట్టే ఈ తేడా తెలిసింది. సగంలో వదిలేసి ఉంటే ‘ఏదో కుదరడం లేదు’ అన్న అస్పష్టమైన నిరాశ మాత్రమే మిగిలేది.

మూడోసారి ప్రథమ పురుషలో, ఆమెకు అతి దగ్గరగా నిలబడి రాశాను. ఆమె విన్నదే పాఠకుడు వింటాడు, ఆమెకు తెలియనిది పాఠకుడికీ తెలియదు. వెంటనే అవతలి గొంతులన్నీ కథలోకి వచ్చాయి, ఆమె తక్కువ మాట్లాడసాగింది. బయటి నుంచి చూసినప్పుడు అబద్ధంలా వినబడిన మాట, లోపలి నుంచి చూసేసరికి ఆమె తనకు తాను చెప్పుకుంటున్న ధైర్యంలా మారింది. ఏ కథలోనైనా ఎవరి పక్కన నిలబడాలో తేలనప్పుడు నేను ఇప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ సంఘటన వల్ల అందరికన్నా ఎక్కువగా మారేది ఎవరు? ఆ మార్పు జరిగే క్షణంలో వారికి ఏమి వినబడుతోంది, ఏమి కనబడుతోంది? ఈ రెండింటికీ సమాధానం దొరికితే దృష్టికోణం సగం తేలినట్టే.

ఇక వాక్యాల సంగతి. మొదటి ప్రతిలో ఆమె దుఃఖాన్ని నేను ఇలా రాశాను: “ఆమె గుండెల్లో దుఃఖం సుడులు తిరిగింది. ఆయన లేని జీవితాన్ని ఊహించుకోవడానికే ఆమెకు భయం వేసింది. వణుకుతున్న చేతులతో ఫోను ఎత్తింది.” ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే ఈ మూడు వాక్యాలను ఏ భార్య గురించైనా, ఏ ఆసుపత్రిలోనైనా రాయవచ్చు. మూడో ప్రతిలో అదే చోటు ఇలా మారింది: “ఫోను మళ్లీ మోగింది. కళ్లజోడు సంచిలో, నర్సు మడిచి ఇచ్చిన ఆయన చొక్కా కింద ఎక్కడో ఉంది. చొక్కాను కదపాలనిపించలేదు. పేరు చదవకుండానే ఎత్తి, అవతలివారు నోరు తెరవకముందే, ‘నిద్రపోతున్నారండీ’ అంది.” దుఃఖమన్న మాట పోయింది, భయమన్న మాట పోయింది. చొక్కాను కదపలేకపోవడంలో ఆ రెండూ ఉన్నాయని నేను నమ్మాను. కళ్లజోడు అందకపోవడం వల్ల ఎవరు ఫోను చేశారో ఆమెకు ముందుగా తెలియదన్నది కూడా ఇక్కడే ఏర్పడింది, తరువాత కథకు అది చాలా అవసరమైంది. వస్తువు ఒకటి సరిగ్గా దొరికితే అది భావాన్నీ మోస్తుంది, కథనాన్నీ నడుపుతుంది.

రష్యన్ రచయిత చెహోవ్ 1886లో తన అన్న అలెగ్జాండర్‌కు రాసిన ఉత్తరంలో, వెన్నెల రాత్రిని చూపించడానికి పగిలిన సీసా ముక్క మీద తళుక్కుమనే వెలుగు చాలునన్న భావం వచ్చే సలహా ఇచ్చాడు. ఆ సలహా ప్రకృతి వర్ణనకు ఎంత పనికివస్తుందో మనిషి మనసును చూపడానికీ అంతే పనికివస్తుంది. దానికి ఒక జాగ్రత్త మాత్రం జోడిస్తాను. ప్రతి భావానికీ ఒక వస్తువును తగిలిస్తూ పోతే కథ సామాన్ల గదిలా ఇరుకైపోతుంది. కొన్నిచోట్ల ‘ఆమెకు భయం వేసింది’ అని సూటిగా చెప్పి ముందుకు సాగడమే మేలు. కథ ఎక్కడ ఆగి నిలబడాలో అక్కడే వస్తువు కావాలి.

సంభాషణలను దిద్దడానికి నేను పాటించిన పద్ధతి గొంతెత్తి చదవడం ఒక్కటే. కంటికి సాఫీగా కనిపించిన వాక్యం నోటికి అడ్డం పడితే దాన్ని మార్చాను. పైఅధికారి మాటలు గ్రాంథికంగా వినబడ్డాయి, కుర్రాడి మాటలు వయసుకు మించిన తెలివితో వినబడ్డాయి. కుర్రాడు తన కృతజ్ఞతను పూర్తి వాక్యాలలో చెప్పగలిగితే అతను కుర్రాడు కాడు. చివరి ప్రతిలో అతను “సార్ ఉన్నారాండీ” అంటాడు, కాసేపు ఆగి “ఫీజు... కట్టేశారట. మా ఆఫీసులో చెప్పారు... కాదు, కాలేజీ ఆఫీసులో” అంటాడు. తడబాటులోనే అతని వయసు, మొహమాటం, అవసరం తెలుస్తాయి. కథనం శిష్టభాషలో సాగినా పాత్రలు తమ భాషలోనే మాట్లాడాలి. ఆ భాష చెవితో నేర్చుకోవలసిందే తప్ప పుస్తకంలో దొరికేది కాదు.

ఇంత చేశాక కథను మరొకరికి చూపించాను. నేను అక్కా అని పిలిచే ఒకావిడ ఉన్నారు. ఆవిడ రాయరు, కానీ చిన్నప్పటి నుంచి కథలు చదువుతూనే ఉన్నారు. మొదటి పాఠకులుగా రచయితలకన్నా అలాంటివారే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే రచయిత తానైతే ఎలా రాసేవాడో చెబుతాడు, పాఠకుడు తనకు ఏమైందో చెబుతాడు. “బాగుందా?” అని నేను అడగలేదు. ఆ ప్రశ్నకు అభిమానం ఉన్నవారెవరైనా ఒకే సమాధానం ఇస్తారు. “అక్కా, చదువుతుంటే ఎక్కడెక్కడ ఆగారు? ఎక్కడ నమ్మకం కలగలేదు?” అని మాత్రం అడిగాను. ఆవిడ కాగితాలు తిరిగి ఇస్తూ, “అంతా బాగానే ఉంది గానీ, ఆవిడ ఫోను కట్టేయవచ్చు కదా, ఎందుకు కట్టేయలేదు?” అన్నారు. నేను ఏదో చెప్పబోయి ఆగిపోయాను. “నువ్వు నాకు చెప్పక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు,” అని ఆవిడే అన్నారు.

ఆ ప్రశ్నతో కథ మొత్తం కొత్త వెలుగులో కనబడింది. కట్టేయగలిగిన ఫోనును ఆమె కట్టేయడం లేదంటే, ఆ ఫోన్లు రావాలని ఆమె కోరుకుంటోందన్నమాట. ప్రతి ఫోనూ ఆయనను బతికున్న మనిషిగా పిలుస్తోంది, ప్రతి ఫోనూ ఆమెకు తెలియని ఆయనను కొంచెం కొంచెంగా పరిచయం చేస్తోంది. అప్పటిదాకా నేను రాస్తున్నది భయం గురించిన కథ అనుకున్నాను. నిజానికి అది, పాతికేళ్లు కలిసి బతికిన మనిషిని ఒక్క రాత్రిలో వినడం మొదలుపెట్టిన స్త్రీ కథ. వరసలో చివరన ఊరికే రాసుకున్న కుర్రాడు ఈ వెలుగులో కథకు కేంద్రమయ్యాడు. అతని ఫోనును కథ మధ్యలోకి తెచ్చాను, నంబరు తప్పి చేసిన మనిషిని తీసేశాను, చిన్ననాటి స్నేహితుడి సంభాషణను సగానికి తగ్గించాను. ఈ సంగతి మొదటే తెలిసి ఉంటే రాయడం తేలికయ్యేది కదా అని ఎవరైనా అడగవచ్చు. మొదటే తెలిసే అవకాశం లేదు. అంతా కాగితం మీద ఉండబట్టే అక్కకు ఆ ప్రశ్న తట్టింది.

ముగింపు కూడా అక్కడి నుంచే వచ్చింది. అంతకుముందు ప్రతులలో డాక్టరు తలుపు తీసుకొని బయటికి రావడంతో కథ ముగిసేది. ఒకదానిలో ఆయన మరణించాడు, మరొకదానిలో కోలుకున్నాడు. ఏది రాసినా అది బయటి నుంచి వచ్చిన తీర్పులాగే ఉంది. కొసమెరుపు మీద మనకు మక్కువ ఎక్కువ. పోటీలకు వచ్చే కథల్లో చివరి వాక్యం కోసమే మిగతా కథంతా రాసినట్టు ఉండేవి చాలా కనిపిస్తాయి. పాత్ర చేసే పనిలోంచి పుట్టిన మెరుపు నిలుస్తుంది, రచయిత దాచిపెట్టి చివర బయటపెట్టిన మెరుపు రెండోసారి చదివినప్పుడు వెలవెలబోతుంది. చివరి ప్రతిలో డాక్టరు రాడు. ఆమె సంచిలోంచి చొక్కాను తీసి పక్కన పెట్టి, కళ్లజోడు పెట్టుకొని, కుర్రాడి నంబరు వెతికి తానే ఫోను చేస్తుంది. “ఆయన నీకు ఎలా తెలుసు బాబూ?” అని అడుగుతుంది. అంతే.

తిరగరాయడమంటే అక్షరదోషాలు సరిచూసుకోవడమని అనుకునేవారికి ‘కన్యాశుల్కం’ రెండు కూర్పులను పక్కపక్కన పెట్టుకొని చదవమని చెబుతాను. గురజాడ ఆ నాటకాన్ని 1897లో అచ్చువేశారు. 1909లో వచ్చిన రెండో కూర్పులో దాన్ని ఎంతగానో పెంచి, మార్చి, దాదాపు కొత్త నాటకంగా తీర్చారు. మనమంతా చదివేదీ, మాటల్లో తలచుకునేదీ ఆ రెండో కూర్పునే. అప్పటికే ప్రదర్శించి, అచ్చువేసి, పేరు తెచ్చుకున్న రచననే ఆయన మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. ఇంకా అచ్చుకాని మన చిత్తుప్రతిని తిరగరాయడానికి సంకోచించవలసిన అవసరం ఏముంది?

పత్రికకు పంపే పని గురించి క్లుప్తంగా చెబుతాను. పంపదలచుకున్న పత్రిక సంచికలు కొన్ని ముందు చదివాను. నిడివి పరిమితి, ఫాంటు, పంపవలసిన పద్ధతి వంటి నిబంధనలు చూసుకొని అలాగే సిద్ధం చేశాను. కథ నా సొంతమనీ, అనువాదం గానీ అనుసరణ గానీ కాదనీ, మరెక్కడా ప్రచురణకు గానీ పరిశీలనకు గానీ లేదనీ తెలిపే హామీపత్రం జతచేశాను. ఆ హామీ ఇచ్చాక దానికి కట్టుబడి ఉండాలి. ఒకే కథను ఒకేసారి రెండు చోట్లకు పంపడం సంపాదకుల శ్రమను అగౌరవపరచడమే. కథను వివరిస్తూ పొడవైన ఉత్తరం రాయనక్కరలేదు. కథ తనంతట తాను చెప్పలేనిది ఉత్తరం చెప్పలేదు.

మొదట పంపిన పత్రిక కథను స్వీకరించలేదు. కారణం చెప్పలేదు, చెప్పవలసిన బాధ్యత కూడా వారికి లేదు. ఆ రోజు బాధ కలిగింది, ఆ బాధను తక్కువ చేసి చెప్పను. మనం ఇష్టపడి చేసిన పనిని వద్దన్నప్పుడు నొప్పి కలగడం సహజమే. కథను తెరిచి మరొకసారి చదివాను. అందులో నేను మార్చదలచుకున్నది ఏదీ కనబడలేదు కాబట్టి మార్చకుండానే మరొక పత్రికకు పంపాను. తిరస్కారం వచ్చిన ప్రతిసారీ కథను తిరగరాయాలన్న నియమం ఏమీ లేదు. పత్రికలో చోటు, ఆ నెలలో వచ్చిన మిగతా కథలు, సంపాదకుడి అభిరుచి ఇవన్నీ కలిసి ఆ నిర్ణయాన్ని తేలుస్తాయి. కథలో నిజంగా లోపం ఉందని మీ చదువుకే తోస్తే మాత్రం, ఎవరూ అడగకపోయినా దిద్దండి.

రెండో పత్రిక సంపాదకులు కథను తీసుకుంటూ రెండు మార్పులు సూచించారు. వరండాను వర్ణించే మొదటి పేరాను తీసేసి నేరుగా ఫోను మోగడంతో మొదలుపెట్టమన్నారు. చివర భర్త పరిస్థితి ఏమైందో ఒక్క మాటలోనైనా చెప్పమన్నారు. మొదటి సూచన ప్రకారం పేరాను తీసి చదివితే కథ మరింత చురుగ్గా నడిచింది, సంతోషంగా ఒప్పుకున్నాను. రెండో సూచనకు ఒప్పుకోలేకపోయాను. ఆమె కుర్రాడికి ఫోను చేసే క్షణంలో ఆయన పరిస్థితి ఆమెకూ తెలియదనీ, పాఠకుడికి ముందుగా చెబితే ఆ ఫోను ఓదార్పుగానో నివాళిగానో మారిపోతుందనీ, అది కేవలం తెలుసుకోవాలన్న కోరికగా ఉండటమే కథకు అవసరమనీ వినయంగా రాశాను. వారు అంగీకరించారు. సంపాదకుడి సూచనను విని, పాటించి చూసి, అప్పుడు నిర్ణయించుకోవాలి. పాటించి చూడకుండా కాదనడం అహంకారం, ఆలోచించకుండా తలూపడం కథకు అన్యాయం. మీ కథలోని ప్రతి వాక్యం అక్కడ ఎందుకు ఉందో మీకు తెలిస్తే ఈ సంభాషణ భయపెట్టదు.

కథ అచ్చయిన తరువాత ఒక పాఠకురాలు పత్రికకు ఉత్తరం రాశారు. ఆసుపత్రి గురించి ఒక్క ముక్క కూడా లేదు అందులో. చనిపోయిన తన తండ్రి ఫోనును ఇంకా ఛార్జింగు పెడుతూనే ఉన్నానని, ఎవరైనా ఫోను చేస్తే ఆయన గురించి ఏదైనా చెబుతారేమోనని ఆశపడతానని రాశారు. నేను ఊహించిన మనిషి లోపలికి మరొక నిజమైన మనిషి తన దారిన తాను ప్రవేశించింది. కథలు రాయాలనుకునేవారికి నేను ధైర్యంగా ఇవ్వగలిగిన ప్రోత్సాహం ఈ ఉత్తరమే. మనకు తెలియని మనిషికి అవసరమైన కథ ఒకటి మన సగం రాసిన కాగితాల్లో ఉండి ఉండవచ్చు.

ఇప్పుడు రెండో కథ మీద ఉన్నాను. మొదటి కథ నేర్పినవన్నీ దీనికి సరిపోవడం లేదు. దృష్టికోణం మొదటి రోజే కుదిరింది, కానీ ఇద్దరు అన్నదమ్ముల మధ్య జరిగే కథలో తగవు ఎందుకు వచ్చిందో ఇంకా తేలలేదు. చిత్తుప్రతిలో ఆ చోట “తగవు ఇక్కడ” అని రాసి ఖాళీ వదిలాను. తమ్ముడు బస్సెక్కి వెళ్లిపోయే చివరి సన్నివేశం రాయడం నిన్న మొదలుపెట్టాను.